ఎర్రదారం – మూడు కుర్చీల బల్ల

తన చొక్కాకి తానే ఎర్రదారంతో నంబరు కుట్టుకోవలసి వచ్చిన మనిషిని పోయినవారం మంచం అంచున కూర్చోబెట్టి వచ్చేశాం. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఒళ్ళో చొక్కా ఉంది. కాళ్ళ దగ్గర బుట్ట ఉంది. బుట్టలో మరో ఐదు చొక్కాలు, నాలుగు ప్యాంట్లు, ఆరు బనియన్లు. అన్నీ పద్నాలుగో నంబరువే. ఆ నంబరు టైలరుది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి ఒక మాట. ఆ హోమ్‌లో ఎనభై దాటనివాళ్ళు లేరు. హోమ్‌కి రెండు వైపులున్నాయి. ముందువైపు కిటికీలు, భోజనాల గది, పేపరు, చదరంగం బల్ల, మనుషులు. వెనకవైపు మంచాలు. మధ్యన పొడుగాటి వరండా, దాని చివర రెండు రెక్కల తలుపు. ముందునుంచి వెనక్కి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. వెనకనుంచి ముందుకు వచ్చినవాళ్ళు లేరు.

బట్టలన్నీ ఒక్కచోటే ఉతుకుతారు. కలిసిపోకుండా ప్రతి బట్టకీ మెడ దగ్గరో నడుం దగ్గరో నంబరు కుడతారు. ముందువైపు వాళ్ళకి నీలం దారం. వెనకవైపు వాళ్ళకి ఎర్రదారం. ఆరేళ్ళుగా ఆ పని టైలరుదే. ఎనభై ఎనిమిదేళ్ళకి కూడా సూదిలోకి దారం ఒక్క ఊపున ఎక్కిస్తాడు. ఎవరు వెనక్కి వెళ్తున్నారో మేట్రన్ తరవాత ముందుగా తెలిసేది ఆయనకే. నీలం విప్పి ఎరుపు కుట్టమని బుట్ట వస్తుంది. ఎవరిదని అడగడు. ఎవరితోనూ అనడు. ఆ మనిషి ఆ పూట భోజనాల గదిలో నవ్వుతూ కనిపిస్తే మొహం తిప్పుకుని తింటాడు. అంతే.

ఈసారి మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

ఇస్త్రీ ఆవిడ గుమ్మంలోకి వచ్చి బుట్టని చూసింది. ఆయన ఒళ్ళో చొక్కాని చూసింది. నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

“అయ్యో నా మతి మండా! ఇది మీకు పంపేది కాదండీ. మీవి మాత్రం నన్నే కుట్టమన్నారు. అలవాటు కొద్దీ తెచ్చి మీ గదిలో పడేశాను.”

“నువ్వు కుడతావా?”

“ఏదో వచ్చినట్టు కుడతాను.”

“నీ కుట్టు నాకు తెలుసు. రెండు ఉతుకులకి ఊడిపోతుంది.”

“ఊడిపోతే మంచిదే కదండీ,” అంది ఆవిడ. అని కళ్ళు తుడుచుకుంది.

టైలరుకి ఆ కన్నీళ్ళు పట్టలేదు. “ఎప్పుడట?” అన్నాడు.

“రేపు పొద్దున్న.”

“ఎవరన్నారు?”

“నాకేం తెలుసండీ. బల్ల కాగితం వచ్చిందట. అంతే విన్నాను.”

బల్ల కాగితం అనగానే టైలరు లేచి నిలబడ్డాడు.

అది పాత మేట్రన్ పెట్టిన పద్ధతి. భోజనాల గదిలో ఒక్కో బల్లకి నలుగురు. నెలకోసారి ప్రతి బల్లకీ ఒక కాగితం ఇస్తారు. మీలో ఎవరైనా తినలేకపోతున్నారా, బట్టలు తడుపుకుంటున్నారా, తేదీవారాలు మరిచిపోతున్నారా? ఉంటే రాయండి, మిగతా ముగ్గురూ సంతకాలు పెట్టండి. మేం ఎవరినీ వెనక్కి పంపం, మీతో కలిసి తినేవాళ్ళే చెబుతారు అనేది పాత మేట్రన్. ఎంత బాగా ఆలోచించిందో! మనిషిని తోసే చెయ్యి తనది కాకుండా చూసుకుంది.

కిటికీ పక్క బల్లనుంచి రెండేళ్ళుగా ఏ కాగితమూ వెళ్ళలేదు. వెళ్ళేది గానీ, దాని మీద ఒక్కటే మాట ఉండేది. ‘అందరం బాగున్నాం.’ కింద నాలుగు సంతకాలు. ఆ బల్ల దగ్గర కూర్చునే నలుగురూ ఒట్టు వేసుకున్నారు. చస్తే కుర్చీలోనే చద్దాం, ఒకరినొకరు రాసి పంపుకోవద్దు అని. ఒట్టు వేయించింది టైలరే.

ఒట్టు వేయించి ఊరుకోలేదు. ఒట్టు నిలబడేందుకు తన చేతిపని కూడా ఇచ్చాడు.

ఆ బల్ల దగ్గర కూర్చునే లెక్కల టీచరమ్మకి ఎనభై ఆరేళ్ళు. చెయ్యి వణుకుతుంది. చెంచాలో ఉన్నది నోటిదాకా రాదు. ఆమె జాకెట్ల చేతుల అంచుల్లో టైలరు సీసం గుళ్ళు పెట్టి కుట్టాడు. ఆ బరువుకి చెయ్యి నిలకడగా ఉంటుంది. ఆ పక్కన కూర్చునే ఆయన్ని అందరూ రేడియో అంటారు. నోరు మూతపడదు. ఆయన సమస్య నోటితో కాదు. ప్యాంట్లన్నిటికీ లోపల మూడు పొరల మెత్తటి గుడ్డ లైనింగ్ కుట్టి ఇచ్చాడు టైలరు. బయటినుంచి చూస్తే ఇస్త్రీ మడత కూడా చెదరదు.

ఇక నాలుగోవాడు స్టేషన్ మాస్టరు. టైలరుకి స్వయానా బావమరిది. పోయిన భార్యకి తమ్ముడు. ఎనభై నాలుగేళ్ళు. ఒకప్పుడు మూడు లైన్ల బండ్ల వేళలు నోటికి చెప్పినవాడు, ఇప్పుడు ఇవాళ ఏ వారమో చెప్పలేడు. కొత్త మేట్రన్ వచ్చి ఏడాదైంది. మధ్యాహ్నం భోజనాల వేళ ప్రతి బల్ల దగ్గరా ఆగి, ‘ఏమండీ, ఇవాళ ఏ వారం?’ అని నవ్వుతూ అడుగుతుంది. దానికి పలకరింపు అని పేరు. అందుకని టైలరు బావమరిది చొక్కాల ఎడమ కఫ్ లోపల దారంతో ముడులు వేశాడు. సోమవారం చొక్కాకి ఒకటి, మంగళవారానికి రెండు. అలా శనివారానికి ఆరు. ఆదివారానికి ఏమీ లేవు. ప్రతి పొద్దునా ఆ వారం చొక్కా తీసి బావమరిది కుర్చీ వీపుకి తగిలిస్తాడు. మేట్రన్ అడగ్గానే స్టేషన్ మాస్టరు బొటనవేలితో కఫ్ లోపల తడుముకుని, స్టేషన్లో మైకు పట్టుకున్నట్టు గట్టిగా చెబుతాడు.

ఈ పొద్దున ఆరు గంటలకి కూడా టైలరు బుధవారం చొక్కా తగిలించి వచ్చాడు. మూడు ముడులది.

తొమ్మిదింటికి బుట్ట వచ్చింది.

మేట్రన్ గదిలోకి టైలరు తలుపు తట్టకుండా వెళ్ళాడు. అలా వెళ్ళడం అదే మొదటిసారి.

“రండి తాతగారూ,” అంది మేట్రన్.

“నాకు మనవలు ఉన్నారు. మీరు వాళ్ళలో లేరు.”

ఆమె నవ్వు తగ్గించుకుంది. “సరే, టైలరు గారూ. కూర్చోండి.”

“బల్ల కాగితం చూపించండి.”

“మీకెవరు చెప్పారు?”

“నా చొక్కా చెప్పింది.”

మేట్రన్ చెడ్డమనిషి కాదు. చెడ్డదైతే టైలరుకి సులువుగా ఉండేది. ఆమె సొరుగు తీసి కాగితం బల్లమీద పెట్టి, ఆయనవైపు తిప్పింది. “మా దగ్గర దాపరికం లేదండీ. మీ బల్లవాళ్ళే రాశారు. నేను అక్షరం కలపలేదు.”

చేతిరాత చూడగానే టైలరుకి తెలిసింది. గీత గీసినట్టు నిటారుగా, పక్కపక్కనే బండి పెట్టెల్లాంటి అక్షరాలు. పెళ్ళిచూపులకి రమ్మని కబురు రాసింది కూడా ఆ చేతే. ఆ ఉత్తరం ఆయన భార్య అరవయ్యేళ్ళు ట్రంకుపెట్టెలో దాచింది.

‘మా బావ రోజూ మా అక్కతో మాట్లాడతాడు. కుట్టుపని చేస్తూ గంటలకొద్దీ మాట్లాడతాడు. నాతో స్వయంగా చెప్పాడు. ఆయన ముందువైపు ఉండవలసిన మనిషి కాదు. వెనకవైపు ఉంటేనే ఆయనకి మంచిది.’

కింద స్టేషన్ మాస్టరు సంతకం. దానికింద టీచరమ్మది, వంకర్లు తిరిగి. దానికింద రేడియోది.

టైలరు రెండుసార్లు చదివాడు. మాట్లాడతాడు, నిజమే. భార్య పోయి మూడేళ్ళు. సూది చేతిలోకి తీసుకుంటే ఆమె ఎదురుగా కూర్చుని గుండీలు ఏరుతున్నట్టే ఉంటుంది. చేతికి పని ఉన్నంతసేపూ నోటికి మాట వస్తుంది. ఆమె లేదని ఆయనకి తెలుసు. తెలుసు కనకే మాట్లాడతాడు. ఈ సంగతి ప్రాణాలతో ఉన్నవాళ్ళలో ఒక్కడికే చెప్పాడు, అక్క పోయిన దుఃఖం వాడికీ ఉంటుందని. ఎవరితోనూ అనకురా అని కూడా చెప్పలేదు. వాడితో ఆ మాట అనవలసి వస్తుందనుకోలేదు.

“మీ ఆవిడ పోయారన్న సంగతి మీకు అప్పుడప్పుడు గుర్తుండడం లేదు కదూ,” అంది మేట్రన్, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు. “ఫరవాలేదండీ. ఈ వయసులో మామూలే. వెనకవైపు నర్సులు రోజంతా ఉంటారు.”

“ఆమె పోయిన తేదీ చెప్పమంటారా? వారం చెప్పమంటారా? గడియారంలో ముల్లు ఎక్కడుందో చెప్పమంటారా?”

“ఇవాళ చెబుతారు. రేపటి సంగతి?” అని ఆమె కాగితం మళ్ళీ సొరుగులో పెట్టింది. “మీరు కాదంటే మీ బల్లవాళ్ళు కాదనాలి. ముగ్గురూ రాసినదాన్ని నేనొక్కదాన్నీ ఎలా కొట్టెయ్యను? వాళ్ళు తప్పు రాశామంటే ఇప్పుడే చించేస్తాను.”

“మా వాణ్ణి మీరు పిలిపించారా?”

మేట్రన్ సొరుగు మూసింది. “పోయిన సోమవారం ఆయన్ని వారం అడిగితే గురువారం అన్నారు. గదిలోకి పిలిచి, మీ బల్ల దగ్గర ఏమైనా దాస్తున్నారా అని అడిగాను. రెండేళ్ళుగా అందరూ బాగుండడం నేనెక్కడా చూడలేదండీ. అప్పుడు ఆయనే కాగితం అడిగి రాశారు.”

పోయిన ఆది, సోమవారాలు టైలరు జ్వరంతో మంచం దిగలేదు. కుర్చీకి చొక్కా తగిలించేవాళ్ళు లేరు. స్టేషన్ మాస్టరు చేతికందింది వేసుకుని వెళ్ళాడు. నాలుగు ముడులున్నది అందింది.

ఇంతకన్నా చెప్పేదేముంది? పట్టుబడ్డవాడు తన బదులు ఇంకొకణ్ణి అప్పగించాడు. అదీ ఒళ్ళు కాలుతూ పడుకుని ఉన్నవాణ్ణి.

టైలరు గదికి తిరిగి వచ్చి చిన్న కత్తెర తీసి జేబులో వేసుకున్నాడు. కాజాలు కోసే కత్తెర. బొటనవేలంత ఉంటుంది. పన్నెండింటికి గంట కొట్టారు. భోజనాల గదికి వెళ్ళాడు.

కిటికీ పక్క బల్ల దగ్గర మూడు కుర్చీలే ఉన్నాయి. నాలుగోది గోడవారన, మొహం గోడకి పెట్టి ఉంది.

రేడియో ఎవరికో ఏదో చెబుతున్నవాడల్లా టైలరుని చూసి మధ్యలో ఆగిపోయాడు. ఆ గదిలో రేడియో ఆగిపోవడం ఎవరూ ఎరగరు. నాలుగు బల్లల అవతలివాళ్ళు కూడా తలలు ఎత్తారు.

“నా కుర్చీ ఏది?” అన్నాడు టైలరు.

“అదీ... గురువుగారూ... కాలు కాస్త వదులైందని, ఎవరైనా పడిపోతారేమోనని...” రేడియో నసిగాడు.

“కుర్చీ కాలా వదులైంది, నీ నోరా?”

“కూర్చోండి అన్నయ్యగారూ, ముందు కూర్చోండి,” అంది టీచరమ్మ.

“ఎక్కడ కూర్చోనమ్మా? నీ ఒళ్ళోనా?”

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గు కింద మార్చారు. టీచరమ్మ మొహం ఎర్రబడింది.

“ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి తీసివేతలు నేర్పావటగా,” అన్నాడు టైలరు. “నాలుగులోంచి ఒకటి తీశావు. లెక్క సరిపోయిందా?”

“అన్నయ్యగారూ, నామీద ఒట్టు, నేను మొదట పెట్టనన్నాను.”

“ఒట్టా? ఇంకా ఒట్లు ఉన్నాయా నీ దగ్గర?”

ఆమె చేతిలో చెంచా పళ్ళెం అంచుకి తగిలి టకటకమంది. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుంది. “సంతకం పెట్టనివాళ్ళని విడివిడిగా పరీక్ష చేస్తామన్నారు. అన్నం కలిపి చూపించాలట. నా చెయ్యి సంగతి మీకు తెలుసు కదా. నాకు వెనకవైపు ఎవరున్నారు? ఇక్కడైతే నన్ను టీచరమ్మా అంటారు. అక్కడ నంబరు పెట్టి పిలుస్తారు.”

“నన్నయితే పిలవచ్చు. పద్నాలుగు. నోరు తిరుగుతుంది.”

“నేనైతే చదవకుండా పెట్టాను గురువుగారూ,” అన్నాడు రేడియో. “అమ్మతోడు. అందరూ బాగున్నామనే కాగితమే అనుకున్నాను.”

“నువ్వు పేపర్లో సంతాప ప్రకటనలు కూడా రెండుసార్లు చదివేవాడివి. ఇది చదవలేదు.”

రేడియో రెండు మోకాళ్ళూ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. టైలరు జేబులోంచి కత్తెర తీయడం చూశాడు మరి. టీచరమ్మ కూడా చూసింది. చేతుల అంచులు వేళ్ళలోకి లాక్కుంది. ముగ్గురి ఒంటిమీదా టైలరు కుట్లే ఉన్నాయి. ఒక్కొక్క కుట్టూ ఎక్కడుందో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. గది నిండా జనం. ఒక్కమాట గట్టిగా అంటే చాలు. ఒక్క కుట్టు తెంపితే చాలు. రేపు పొద్దున రెండు రెక్కల తలుపు దాటేది నలుగురు.

టైలరు వాళ్ళిద్దరినీ వదిలేశాడు. జాలిపడి కాదు. వాళ్ళు పరాయివాళ్ళు. అసలువాడు ఎదురుగా కూర్చుని తాపీగా అన్నం కలుపుకుంటున్నాడు.

“ఏరా,” అన్నాడు. “నన్ను ఏ బండి ఎక్కిస్తున్నావు?”

స్టేషన్ మాస్టరు తల ఎత్తాడు. మొహంలో బెదురు లేదు. అదే టైలరుకి ఒళ్ళు మండించింది.

“నేను జెండా ఊపేవాణ్ణే బావా. బండి నడిపేవాణ్ణి కాదు.”

“సరసాలా?”

“బావతో కాకపోతే ఎవరితో ఆడమంటావు?”

“రాసింది నువ్వేనా?”

“నేనే.”

“ఎవరైనా చెయ్యి పట్టుకుని రాయించారా?”

“నా చెయ్యి పట్టుకుని రాయించేవాడు పుట్టలేదు.”

“నాకు మతి పోయిందని రాశావు.”

“అలా రాయలేదు. మా అక్కతో మాట్లాడతావని రాశాను. మాట్లాడవా?”

గది అంతా వింటోంది.   ఎనభై ఎనిమిదేళ్ళు వచ్చాక మనిషికి దాచుకోవడానికి మిగిలేది కాస్తే. ఆ కాస్తనీ వీడు పదిమంది అన్నం తినే చోట బల్లమీద పెట్టాడు.

“నీకు చెప్పుకున్నానురా,” అన్నాడు. “నీ అక్క కనక నీకు చెప్పుకున్నాను. గోడకి చెప్పుకున్నా ఇంతకన్నా నయంగా ఉండేది. పొద్దున్నే లేచి నీకు చొక్కా తీసిపెట్టే చెయ్యి ఇది. మీ అక్క ముఖం చూసి తీసిపెడుతున్నాను. తెలుసా నీకు?”

“మా అక్క ముఖం నువ్వు చూశావా?” స్టేషన్ మాస్టరు పళ్ళెం పక్కకి జరిపాడు. గొంతు పెరిగింది. “మా అక్క మీద వెళ్ళిన బల్ల కాగితం మీద మొదటి సంతకం ఎవరిది బావా?”



మొదటి సంతకం టైలరుదే.

మూడేళ్ళ కిందట ఆమె నెలలో మూడుసార్లు కింద పడింది. వెనకవైపు మంచాలకి కటకటాలున్నాయి, నర్సులున్నారు, పడదు అనుకున్నాడు. నాలుగు రోజులు చూసి తానూ అటే మారుదామనుకున్నాడు. నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. కిటికీ పక్క కుర్చీ వదలబుద్ధి కాలేదు. ఆమె బట్టలకి నీలం విప్పి ఎరుపు కుట్టింది కూడా ఆయనే. పదకొండు జతలు. ఆమె మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి నంబరు తడిమి చూసుకుని, ‘కుట్టు బాగుంది’ అంది. అంతకుమించి ఏమీ అనలేదు. నలభై రోజులు బతికింది. ఆ తరవాతే బల్ల దగ్గర ఒట్టు పుట్టింది. ఆమె కుర్చీలోకి రేడియో వచ్చాడు.

ఇన్నాళ్ళలో బావమరిది ఆ సంతకం మాట ఒక్కసారి ఎత్తలేదు. మరిచిపోయాడనుకున్నాడు టైలరు. వారం మరిచిపోయేవాడు ఇది మాత్రం పదిలంగా దాచుకున్నాడు.

“అందుకా?” అన్నాడు చివరికి.

“అందుకే. ఆమెనొక్కదాన్నీ అక్కడికి తోలావు. నువ్విక్కడ కిటికీ పక్కన గాలికి కూర్చున్నావు. మేమూ కూర్చున్నాం, నేను కాదనను. ఇక చాలు. నువ్వూ వెళ్ళు. ఆమె దగ్గరికి వెళ్ళు.”

ఆమె దగ్గరికి వెళ్ళు.

మనిషిని చావమని ఇంత శుభ్రంగా చెప్పినవాణ్ణి టైలరు ఇంతవరకు చూడలేదు. అదీ చుట్టమై ఉండి, అదీ అన్నం ముందు.

“ఎడమ చెయ్యి ఇలా ఇవ్వు,” అన్నాడు.

స్టేషన్ మాస్టరు చెయ్యి చాపాడు. ఎందుకని అడగలేదు. కొలత ఇవ్వడానికి చాపినట్టు చాపాడు. టైలరు కఫ్ గుండీ విప్పి, అంచు మడతపెట్టి, లోపలున్న మూడు ముడుల్నీ ఒకదాని తరవాత ఒకటి కత్తిరించాడు. గుడ్డకి గాటు పడలేదు. దారపు ముక్కలు మూడూ అరచేతిలో వేసుకున్నాడు.

“ఇవి నావి,” అన్నాడు. “ఇక నీ వారం నువ్వు చూసుకో.”

“అన్నయ్యగారూ, వద్దు!” అంది టీచరమ్మ. చాలా ఆలస్యంగా అంది. అప్పటికే మేట్రన్ తలుపు దగ్గరుంది.

ఆమె మామూలుగానే మొదటి బల్లనుంచి వచ్చింది. అందరినీ నవ్వుతూ పలకరించింది. అందరూ చెప్పారు. ఒక్కో బల్ల దాటుతూ కిటికీ దగ్గరికి వచ్చింది. కుర్చీ లేకుండా నిలబడ్డ టైలరుని చూసింది గానీ ఆ మాట ఎత్తలేదు.

“స్టేషన్ మాస్టరు గారూ, ఇవాళ ఏ వారమండీ?”

ఆయన బొటనవేలు కఫ్ లోపలికి వెళ్ళింది. ఒకసారి తడిమింది. మళ్ళీ తడిమింది. ఏమీ లేకపోతే ఆదివారమని కూడా తోచలేదు ఆయనకి. ఆ వేలు అలా లోపల ఆగిపోయింది. ఎనభై నాలుగేళ్ళ మొహం ఒక్కసారిగా, సంతలో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్లాడి మొహంలా అయింది.

టైలరు చూస్తూ నిలబడ్డాడు. ఇందుకే కదా ఇంతసేపూ మండిపోయాడు. ఇప్పుడు చూస్తున్నాడు. బాగానే ఉంది.

“తొందరేం లేదండీ, ఆలోచించి చెప్పండి,” అంది మేట్రన్.

స్టేషన్ మాస్టరు ఆలోచించడం మానేశాడు. ఏదో గుర్తొచ్చినవాడిలా తేరుకుని ఆమెవైపు తిరిగాడు.

“అది తరవాత చూద్దాం. ముందు ఇది చెప్పండి. మా బావని రేపు పంపుతున్నారా, ఇవాళే పంపుతారా? ఇవాళైతే మంచిది. మా అక్క ఒక్కతే ఉంది వెనకాల.”

టీచరమ్మ కళ్ళు మూసుకుంది.

“మీ అక్క?” అంది మేట్రన్.

“మా అక్కేనండీ. వెనకవైపు ఉంది కదా. మూడేళ్ళుగా ఒక్కతే పడుకుని ఉంది. ఈయన ఇక్కడ కూర్చుని, సూది పట్టుకుని, గోడ ఇవతలినుంచి మాట్లాడతాడు. అదేం మాట్లాడడం? అందుకే రాసిచ్చాను, దగ్గరికి పంపండి అని. తిడతాడు. తిట్టనీండి. వెళ్ళాక ఆయనే సంతోషిస్తాడు.”

టైలరు అరచేతిలో దారపు ముక్కలున్నాయి. పొద్దున కాగితంలో చదివిన మాటలు మళ్ళీ కళ్ళముందు నడిచాయి. అవే అక్షరాలు. అవే మాటలు. వెనకవైపు ఉంటేనే ఆయనకి మంచిది. ఆమె దగ్గరికి వెళ్ళు. వాడు పొడవాలని ఒక్క మాట రాయలేదు, అనలేదు. వాడి అక్క బతికే ఉంది. శ్మశానం దాకా నడిచి వచ్చినవాడికి, చితి దగ్గర తన భుజం పట్టుకుని ఏడ్చినవాడికి, ఆమె బతికే ఉంది.

టైలరు టీచరమ్మని చూశాడు. ఆమె కళ్ళు తెరవలేదు. రేడియోని చూశాడు. అతను పళ్ళెంలోకి చూస్తున్నాడు. వాళ్ళకి తెలుసు. చాలా రోజులుగా తెలుసు. మతిలేనివాడి రాత అని తెలిసి కూడా కింద సంతకాలు పెట్టింది ఈ ఇద్దరు మతి ఉన్నవాళ్ళు.

మేట్రన్ చేతిలో పుస్తకం తెరిచింది. ఆమె మొహంలో నవ్వు లేదు. పాపం, ఆమెకి లెక్క కుదరడం లేదు. ఆమె ఈ హోమ్‌కి వచ్చేసరికే టైలరు భార్య పోయి రెండేళ్ళు. ఇద్దరు ముసలివాళ్ళలో చచ్చిపోయిన మనిషిని బతికించుకున్నది ఎవరో ఆమెకి తేలాలి. కాగితం ఒకరి పేరు చెబుతోంది. కళ్ళు ఇంకొకరిని చూస్తున్నాయి.

“టైలరు గారూ,” అంది. “ఈయన అంటున్నది మీరు చెప్పిన మాటేనా? మీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక మీ మాటే అంటున్నారా? లేకపోతే...” అని ఆగింది. “మీరే చెప్పండి. మీ ఆవిడ వెనకవైపు ఉన్నారా?”

లేదు అంటే చాలు. లేదు, ఫలానా తేదీన పోయింది, నా చేతుల్లో పోయింది అంటే, సొరుగులో కాగితం చిరిగిపోతుంది. గోడవారన ఉన్న కుర్చీ తిరిగి వస్తుంది. రేపు పొద్దున ఎర్రదారం కోసం వేరే చొక్కాలు వస్తాయి, కఫ్ లోపల ముడులున్నవి. వాటికి నంబరు కుట్టేది కూడా తనే.

ఉంది అంటే, స్టేషన్ మాస్టరు బావ మాట కాదనలేని మంచి బావమరిది అవుతాడు. తను పద్నాలుగో నంబరు అవుతాడు.

“చూశావా బావా,” అన్నాడు స్టేషన్ మాస్టరు సంబరంగా. “నిన్నే అడుగుతున్నారు. చెప్పు, చెప్పు. అక్క ఉందని చెప్పు.”

గదిలో నలభైమంది ముసలివాళ్ళు ఇటే తిరిగి చూస్తున్నారు. మేట్రన్ పెన్ను మూత తీసింది.

“ఒక్క మాట చాలు టైలరు గారూ. ఉన్నారా, లేరా?”

టైలరు ఒక్క మాటే చెప్పాడు.